ఆవిష్కరణ మర్నాడు

సంపాదకులు గారికి నమస్కారం.

మీ జిల్లా పేజీలో తరచూ పుస్తకావిష్కరణ ఫొటో వస్తుంటుంది. పదిమంది వరసగా నిలబడి, పుస్తకాన్ని గుండెలకు ఆనించుకుని నవ్వుతుంటారు. రాసిన మనిషి ఏదో ఒక చివర సగం భుజం కనబడేలా నిలబడి ఉంటారు. ఆ మర్నాటి నుంచి రెండు మూడు నెలలు ఆ మనిషి ఎలా ఉంటారన్నది మాత్రం ఏ పేజీలోనూ రాదు. అందులోనూ రాజకీయ నవల రాసినవాళ్ల సంగతి మరీ కష్టం. నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలులో రాతప్రతులు దిద్దడం, ప్రూఫులు చూడటం పనిగా పెట్టుకున్న కొందరం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. నవల పూర్తయ్యాక పట్టుకునే దిగుల్లో చాలాభాగం ముందే తెలిసిన కారణాల వల్ల వస్తుంది. తెలిసినదాన్ని ఆఖరి ప్రకరణం రాయకముందే సర్దుకోవచ్చు. ఆ సర్దుబాటు గురించే ఈ నాలుగు మాటలు.

ముగించడం ఈ గడ్డకు కొత్త విద్య కాదు. నన్నయ అరణ్యపర్వంలో ఆపిన భారతాన్ని విరాటపర్వం నుంచి అందుకుని పదిహేను పర్వాలు నెల్లూరు తిక్కన రాశాడు. నడుమ మిగిలిపోయిన అరణ్యపర్వ శేషాన్ని అద్దంకి రెడ్డిరాజుల కొలువులోని ఎర్రన పూరించాడు. స్వర్గారోహణ పర్వం అయిపోయాక తిక్కన ఎన్నాళ్లు ఊరికే పెన్న వైపు చూస్తూ కూర్చున్నాడో ఎవరూ రాసిపెట్టలేదు.

చివరి ఫైలు ప్రెస్సుకు వెళ్లిన రోజు నుంచి లెక్క మొదలుపెట్టండి. నాలుగేళ్లు తెల్లారుజామున నాలుగున్నరకు లేచి రాసినవాళ్లకు ఆ తరువాత కూడా నాలుగున్నరకే మెలకువ వస్తుంది. పాత్రలు మాట్లాడుతూనే ఉంటాయి, వాటికి ఇవ్వడానికి పేజీ ఉండదు. పూర్తికాని పని గుర్తున్నంతగా పూర్తయిన పని మనిషికి గుర్తుండదని బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1927లోనే ప్రచురించారు. నవలతో వచ్చిన చిక్కు ఏమిటంటే, ప్రెస్సు లెక్కలో పూర్తయినా రాసినవాళ్ల లెక్కలో అది ఎప్పటికీ పూర్తికాదు. అలాగని ఆ వేళలో కొత్త నవల ఎత్తుకోకూడదు. పాత కోపం చల్లారకముందు ఎత్తుకున్నది పాత నవలకే రెండో భాగంలా తయారవుతుంది. చేయాల్సిన పని వేరే ఉంది. అట్టపెట్టెలో పడి ఉన్న పత్రిక కత్తిరింపులు, జీవోల నకళ్లు, నోటుపుస్తకాలు, ఫోన్లో రికార్డు చేసుకున్న మాటలు బయటికి తీసి, ఏ ప్రకరణానికి ఏది ఆధారమో కవరు మీద రాసి, తేదీ వేసి విడివిడిగా కట్టాలి. రోజుకు గంట చొప్పున మూడు వారాలు పడుతుంది. మనసు ఆ పుస్తకం నుంచి మెల్లగా బయటికి రావడానికి అదే సరిపోతుంది. రేపెవరైనా లాయరు నోటీసు పంపితే అక్కరకొచ్చేవీ ఆ కట్టలే.

తరువాతి దెబ్బ అచ్చుతప్పు. కట్ట విప్పి, కొత్త కాగితం వాసన చూసి, మధ్యలో ఎక్కడో తెరిస్తే మొదట కంటబడేది అదే. మూడు ప్రూఫులు చూసినా తప్పదు. రాసినవాళ్ల కన్ను కాగితం మీద ఉన్నది చదవదు, తాము రాశామనుకున్నది చదువుకుంటూ పోతుంది. దానికి తోడు కంప్యూటరులో పేజీలు కట్టే మన డీటీపీ తంతు. యూనికోడ్‌లో టైపు చేసి ఇస్తే పేజీలు కట్టేవాళ్లు 'అను' అనే పేరున్న వేరే రకం ఫాంట్లలోకి మార్చుకుంటారు. ఆ మార్పులో కొన్ని వత్తులు ఎగిరిపోతాయి, కొన్ని పక్క అక్షరం కిందికి జరుగుతాయి. రెండు వత్తులున్న అక్షరాలకు ఇది ఎక్కువ. రాజకీయ నవలలో 'రాష్ట్రం' అనే మాట ఎన్నిసార్లు వస్తుందో మీకు చెప్పక్కర్లేదు. ఒకచోట జారిందంటే అన్నిచోట్లా జారినట్టే. ఇంకో సంగతి, ఆఖరి ప్రూఫులో ఒక్క వాక్యం కలిపినా పేరా కిందికి జరిగి, పేజీ మారి, అప్పటిదాకా శుభ్రంగా ఉన్నచోట కొత్త తప్పు పుడుతుంది. మూడో ప్రూఫులో అక్షరం దిద్దాలే గాని వాక్యం చేర్చకూడదు. డెమీ సైజులో ఫారానికి, అంటే అచ్చు వేసి మడిచే ఒక పెద్ద కాగితానికి, 16 పేజీలు, 256 పేజీల నవల అంటే 16 ఫారాలు. అది 259కి పెరిగితే ఆ మూడు పేజీల కోసం ఇంకో ఫారమో అరఫారమో వేయాలి. ఆ ఖర్చుకు జడిసి నిలబడ్డపాటున కోసేసిన మూడు పేజీలే తరువాత ఏడాదిపాటు నిద్రలోకి వస్తాయి. కోతలేమైనా ఉంటే రెండో ప్రూఫుకే తేల్చుకోవాలి.

ఊళ్ల విషయంలో ఇక్కడ మనకు ప్రత్యేకంగా ఒక గుంట ఉంది. కందుకూరు 1970 ఫిబ్రవరి దాకా నెల్లూరు జిల్లా. అప్పుడు ఏర్పడిన కొత్త జిల్లా పేరు ఒంగోలు. ప్రకాశం పంతులు పేరు పెట్టింది 1972లో. 2022 ఏప్రిల్ 4న కందుకూరు మళ్లీ నెల్లూరు వైపు వచ్చింది. 1971లో జరిగే సన్నివేశంలో 'ప్రకాశం జిల్లా కలెక్టరు' అని పడిందనుకోండి, నవల బాగుందనుకున్నవాళ్లు ఫోన్ చెయ్యరు, ఈ తప్పు పట్టినాయన మాత్రం పుస్తకం మూసేలోపే చేస్తాడు. మొదటి మూడు వారాల్లో వచ్చే ఫోన్లలో ఇలాంటివే ఎక్కువ. వాటికి మందు ఒకటే. ఒక ప్రతి మీద 'దిద్దుబాటు ప్రతి' అని రాసి, ఎర్రపెన్ను దానికే దారంతో కట్టి ఉంచాలి. ఎవరు ఏ తప్పు చెప్పినా అందులో గుర్తు పెట్టి, పేజీ నంబరు చివరి అట్ట లోపల రాసుకోవాలి. ఇక మిగిలిన ప్రతులు మూడు నెలలు తెరవకూడదు. రెండో ముద్రణ వచ్చినా రాకపోయినా, తప్పుకు ఒక చోటు దొరికితే అది తలలో తిరగడం మానుతుంది.

బరువు సంగతి ఎవరూ ముందు చెప్పరు. 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 70 గ్రాములు తూగే) మ్యాప్‌లిథో కాగితం మీద డెమీలో 256 పేజీల పుస్తకం, అట్టతో కలిపి దాదాపు 290 గ్రాములు తూగుతుంది. 500 ప్రతులు 145 కిలోలు, అంటే ఇంచుమించు రెండు వడ్ల బస్తాలు. వడ్లయితే మిల్లుకు పోతాయి. ఇవి మంచం కింద, బీరువా పక్కన, పూజగది అటక మీద ఉండిపోతాయి. పొద్దున్నే చెప్పుల కోసం చెయ్యిపెడితే తగిలేది ఆ కట్టే. నేల మీద పెడితే మన అక్టోబరు, నవంబరు వానలకు అడుగు వరస చెమ్మెక్కి అట్టలు ముడుచుకుంటాయి, గోడకు ఆనిస్తే చెదలు. చెక్కపలక మీద, గోడకు జానెడు ఎడంగా పేర్చాలి. వీలైతే రాసే గదిలో అసలు పెట్టకూడదు.

లెక్క కూడా కాగితం మీద ముందే వేసుకోవాలి. 500 ప్రతులు, వెల 250 రూపాయలు అనుకోండి. సభలో, సమీక్షలకు, చుట్టాలకు 100 ఊరికే పోతాయి. మిగిలిన 400 దుకాణాల ద్వారా అమ్మితే, 40 శాతం కమీషన్ పోను ప్రతికి 150 చొప్పున 60,000. అదీ అన్నీ అమ్ముడైతే. దుకాణాలు అమ్మాకే లెక్క చూస్తాయి, ఆ లెక్కకు నాలుగుసార్లు ఫోన్ చేయాలి. బంగారం తాకట్టు పెట్టి అచ్చు వేయించిన ఇంట్లో దిగులు వడ్డీతో సహా పెరుగుతుంది. ముందు 200 వేసుకుంటే ప్రతికి ఖర్చు ఎక్కువ పడుతుంది, నిజమే. అయినా మంచం కింద బరువు తక్కువ, తప్పులు దిద్దుకుని రెండోసారి వేసే వీలూ ఉంటుంది. డిసెంబరులో హైదరాబాదు, జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనలు ఉంటాయి కాబట్టి నవంబరులో చేతికొచ్చేలా చూసుకోవడం మేలు. మార్చిలో తెస్తే ఎండాకాలం, పరీక్షలు, పెళ్లిళ్లు దాటేదాకా ఎవరూ చదవరు.

సభ విషయం మీకు తెలియంది కాదు. టౌన్‌హాల్లో అయినా ఎన్జీవో హోంలో అయినా వేదిక మీద పదిమంది ఉంటే మనిషికి పావుగంట చొప్పున రెండున్నర గంటలు. అందులో పుస్తకం చదివినవాళ్లు ఇద్దరుంటే అదృష్టం. ఆఖరున 'రచయిత స్పందన' అని పిలిచేసరికి జనం బస్సు వేళ చూసుకుంటుంటారు. నాలుగేళ్లు దాచుకున్న మాట ఖాళీ కుర్చీలకు చెప్పి ఇంటికొచ్చిన రాత్రే చాలామందికి దిగులు మొదలవుతుంది. ఇద్దరే మాట్లాడాలి, వాళ్లకు మూడు వారాల ముందే ప్రతి అందాలి, రాసిన మనిషి ఆఖరున కాకుండా మొదట పది నిమిషాలు మాట్లాడాలి. శాలువాలు తరువాత కప్పుకోవచ్చు. గుమ్మం దగ్గర పుస్తకాలు పంచిపెట్టకండి, బల్ల వేసి అమ్మండి. ఊరికే వచ్చిన పుస్తకం అలమరలోకి పోతుంది, డబ్బిచ్చి కొన్నది కనీసం తలగడ పక్కకైనా చేరుతుంది.

ఇక అసలు దెబ్బ, నిశ్శబ్దం. మొదటి నెల వచ్చే ఫోన్లలో తప్పు పట్టేవి పోను మిగిలినవన్నీ 'అందింది' అంటాయి. 'అందింది' అంటే చదివామని కాదు. ఆరో వారం లోపల చదివిన మాట రావడం అరుదు. మామూలు నవలకూ ఇంతే. రాజకీయ నవలకు వచ్చే నిశ్శబ్దం ఇంకో రకం. చదివి, మెచ్చుకుని, చెప్పకుండా ఉండిపోయేవాళ్లు దీనికి ఎక్కువ. ఉద్యోగి బదిలీకి భయపడతాడు, కాంట్రాక్టరు బిల్లుకు భయపడతాడు, పింఛను వచ్చే ముసలాయన కార్యదర్శి ఏమనుకుంటాడోనని చూస్తాడు. టీ కొట్టు దగ్గర పక్కకు తీసుకెళ్లి 'నూట పన్నెండో పేజీ భలే రాశారు సార్' అని, అటూ ఇటూ చూసి వెళ్లిపోతాడు. ఆ మాటను పేజీ నంబరు, తేదీతో సహా నోటుపుస్తకంలో ఎక్కించుకోవాలి. పైకి వచ్చే సమీక్షలు మూడు, నాలుగు. ఇలా చెవిలో పడే మాటలు అంతకు నాలుగింతలు. రాసుకోకపోతే మనసు సమీక్షలనే లెక్కపెట్టుకుని ఎవరూ చదవలేదని తీర్పు ఇచ్చేస్తుంది.

రాసింది స్త్రీ అయితే ఇంకో ప్రశ్న తప్పదు: 'ఇంత రాజకీయం నీకెవరు చెప్పారమ్మా?' దానికి కోపంగానో నవ్వుతూనో జవాబు వెతకాల్సిన పని లేదు. సర్ది కట్టిన ఆధారాల పెట్టె చూపిస్తే చాలు.

కాలం చేసే పని ఇంకొకటి. 2014, 2019, 2024. వరసగా మూడు ఎన్నికల్లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. నవలకు పట్టేది మూడు నాలుగేళ్లు. ఒకరి పాలనలో మండిపడి మొదలుపెట్టింది ఇంకొకరి పాలనలో అచ్చవుతుంది. ఓడినవాళ్ల మనుషులు 'పడ్డవాణ్ణి తంతావా' అంటారు. గెలిచినవాళ్ల మనుషులు 'భలే రాశావన్నా, వంద కాపీలు పంపించు, పంచుదాం' అంటారు. తిట్టు కన్నా ఈ వంద కాపీలే ప్రమాదం. పంచిన మర్నాటి నుంచి ఆ నవల ఆ పార్టీ కరపత్రం, రాసిన మనిషి ఆ పార్టీ మనిషి. రెండో పక్క పాఠకులు ఇక తాకరు. డబ్బు అవసరం ఎంతున్నా ఈ బేరం ఒప్పుకున్నవాళ్లు తరువాత పడే బాధ అమ్ముడుపోని కట్టల బాధ కన్నా పెద్దది. ఒక చోటికి పది ప్రతులకు మించి ఇవ్వకుండా, ఇచ్చినవి వెలకే ఇవ్వాలి.

సారా ఉద్యమం మీద రాసేవాళ్లకు ఇది మరో వైపు నుంచి తగులుతుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు లేచారు, జిల్లాలో సారా వేలంపాటలకు అడ్డం నిలబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్య నిషేధం, 1997లో సడలింపు. 1995 దగ్గర ఆపితే గెలుపు కథ, 1997 దగ్గర ఆపితే ఓటమి కథ. రాసేటప్పుడు ఎంతో ఆలోచించి ఒక తేదీ దగ్గర ఆపినవాళ్లు కూడా అచ్చయ్యాక 'ఇంకో రెండేళ్లు ముందుకు పోయి ఉండాల్సింది' అని కుమిలిపోతారు. ఎక్కడ ఆపారో, ఎందుకు ఆపారో అప్పుడే ఒక అరపేజీ రాసి సంతకం చేసి పెట్టుకుంటే, తరువాత కలిగే అనుమానానికి పాత నిర్ణయమే జవాబు చెబుతుంది.

'ఆ పాత్ర ఫలానా ఆయనే గదా?' ఈ ప్రశ్నకు జవాబే ఇవ్వకూడదు. పది పాత్రలకు 'కాదు' అని పదకొండోదానికి నవ్వి ఊరుకుంటే అదే ఒప్పుకోలు. 'ఇందులోని పాత్రలు కల్పితం' అన్న వాక్యం ఒక్కటీ కాపాడదు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ పరువునష్టానికి సంబంధించింది. పేరు మార్చినా చదివినవాళ్లు మనిషిని గుర్తుపట్టేలా ఉంటే ఫిర్యాదుకు దారి ఉంటుంది. అందుకే రెండో ప్రూఫు ఒక లాయరు చేతికి వెళ్లాలి. పదవి, ఊరు, ఆస్తి, ఒంటి గుర్తు, ఊతపదం, ఈ అయిదింట్లో కనీసం మూడు మార్చమని మేం చెబుతుంటాం. ఊతపదం మార్చడానికి రచయితలకు ప్రాణం ఒప్పదు. గుర్తుపట్టేవాళ్లు మొదట దాన్నే పడతారు. బెదిరింపు ఫోన్ వస్తే వాదించకుండా తేదీ, వేళ, అన్న మాట రాసుకుని లాయరుకు చెప్పాలి.

భయం ఎన్నాళ్లు ఉంటుందన్నదానికి లెక్క లేదు. తమిళంలో పెరుమాళ్ మురుగన్ నవల 'మాదొరుబాగన్' 2010లో వచ్చింది. గొడవ లేచింది 2014 చివర. 2015 జనవరిలో తనలోని రచయిత చనిపోయాడని ఆయనే ప్రకటించుకున్నాడు. మళ్లీ రాసుకోమని మద్రాసు హైకోర్టు తీర్పు ఇచ్చింది 2016 జూలైలో. మన ఉన్నవ లక్ష్మీనారాయణ గారు జైల్లో రాసిన 'మాలపల్లి' నవల 1922లో అచ్చయితే దాని మీద నిషేధాల పీడ పూర్తిగా వదిలింది 1937లో. మూడు నెలలు గడిచాయి, ఇక గొడవ రాదు అనుకోవడానికీ లేదు, రోజూ గొడవ కోసం ఎదురుచూస్తూ కూర్చోవడానికీ లేదు. కట్టలు సర్ది, లాయరు నంబరు దగ్గర పెట్టుకున్నాక చేయగలిగింది అంతే.

అన్నిటికన్నా ఎక్కువకాలం పీడించేది మాత్రం ఇవేవీ కావు. కథ చెప్పినవాళ్ల ముఖం. భూమి పోయినవాళ్లు, మొగుణ్ణి సారాకు పోగొట్టుకున్నవాళ్లు, ఫ్లోరైడు నీళ్లకు నడుం వంగినవాళ్లు పూటల తరబడి కూర్చుని చెబితేనే ఇలాంటి నవల పుడుతుంది. అచ్చయ్యాక ఒక ప్రతి మీద సంతకం చేసి వాళ్ల చేతిలో పెట్టి ఫొటో తీసుకుంటారు. వాళ్లలో చాలామందికి చదువు రాదు. ఆ పుస్తకం గూట్లో రేషన్ కార్డు పక్కన చేరుతుంది, రచయిత మనసులో ముల్లులా ఉండిపోతుంది. మూడో ప్రూఫుకు ముందే వెళ్లి వాళ్ల ప్రకరణం వాళ్లకు చదివి వినిపించాలి. ఒక ప్రకరణానికి ముప్పావుగంట పడుతుంది. పక్కింటి వాళ్లు లేని పూట చూసుకోవాలి. వేపచెట్టు కింద నులకమంచం మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మొత్తం విన్న ముసలామె ఏడుస్తుందనో పొగుడుతుందనో అనుకుంటాం. 'అంతా బాగానే ఉంది గాని నాయనా, సారాకొట్టు చెరువుకట్ట కింద గాదు, కట్ట మీదనే ఉండేది. దిగేటప్పుడు గదా మా ఆయన పడింది' అంటుంది. మూడో ప్రూఫుకు ముందైతే ఇది ఒక్క మాట దిద్దుబాటు. ఆవిష్కరణ తరువాతైతే జన్మకు దిద్దుకోలేని తప్పు. కొందరు 'ఆ సంగతి తీసెయ్ నాయనా, మనవరాలి పెళ్లి ఉంది' అంటారు. తీసెయ్యాలి. నవల దెబ్బతింటుందని అనిపిస్తుంది, కొంత దెబ్బతింటుంది కూడా.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. 'పుస్తకం అయిపోయింది గదా, ఇక సంతోషంగా ఉండొచ్చుగా' అనకండి. ఆ తెల్లారుజాము వేళకు పక్కన కూర్చుని కవర్ల మీద తేదీలు వేయడంలో సాయం చేయండి. దిగులు వచ్చి పోతూ ఉంటే ఫరవాలేదు. రోజులో ఎక్కువసేపు, దాదాపు ప్రతిరోజూ, రెండు వారాలకు మించి దేనిమీదా ఆసక్తి లేకుండా, నిద్ర, తిండి తప్పిపోయి ఉంటే మాత్రం అది నవలకు సంబంధించిన సంగతి అనుకోకూడదు. డాక్టరుకు చూపించాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ టెలీ మానస్ 14416కు ఏ వేళప్పుడైనా, డబ్బు ఖర్చు లేకుండా తెలుగులోనే ఫోన్ చేసి మాట్లాడవచ్చు. చనిపోవాలన్న మాట నోట వస్తే రెండు వారాలు ఆగే పని లేదు, ఆ రోజే చేయాలి.

పుస్తకం ఎక్కడో ఒకచోట భద్రంగా ఉందన్న ధైర్యం కూడా పనిచేస్తుంది. 1954 నాటి చట్టం ప్రకారం ప్రచురణకర్త అచ్చయిన 30 రోజుల్లో ఒక ప్రతి కలకత్తా జాతీయ గ్రంథాలయానికి, ఇంకో మూడు చట్టం చెప్పిన మిగతా మూడు గ్రంథాలయాలకు పంపాలి. సొంతంగా వేసుకునేవాళ్లలో చాలామంది ఇది పంపరు. పుస్తకానికి గుర్తింపుగా ఇచ్చే ఐఎస్‌బీఎన్ నంబరుకు మన దేశంలో రుసుము లేదు, పేజీలు కట్టకముందే తీసుకోవాలి. జిల్లా కేంద్ర గ్రంథాలయానికి ఒకటి, వేటపాలెం సారస్వత నికేతనానికి ఒకటి స్వయంగా ఇచ్చి, రిజిస్టరులో ఎక్కించిన నంబరు రాయించుకుని వస్తే ఆ చీటీ చాలా రోజులు జేబులో ఉంటుంది.

ఇక మీకు మా మనవి. సమీక్షకు రెండు ప్రతులు పంపమంటారు, పంపుతారు. సమీక్ష రాయడం మీ ఇష్టం, కాని అందిన నెలలోపు 'స్వీకారం'లో పేరైనా వేయండి. 'ఎవరిపై ఈ నవల?' అన్న శీర్షిక దయచేసి పెట్టవద్దు, అది సమీక్ష కాదు, వేలు పెట్టి చూపించడం. చదివిన పాఠకులు పోస్టుకార్డు మీద పేజీ నంబరు వేసి రెండు వాక్యాలు రాస్తే చాలని మీ పేజీలో ఎప్పుడైనా ఒక మాట రాయండి. సంతకం పెట్టడానికి ఇష్టం లేకపోతే పెట్టక్కర్లేదని కూడా రాయండి. ఆవిష్కరణ ఫొటో కింద పదిమంది అతిథుల పేర్లకు చోటు చాలనప్పుడు ఇద్దరి పేర్లు తగ్గించి, పుస్తకం వెల, దొరికే చోటు ఒక్క వరసలో వేయండి.

ఇట్లు,
నెల్లూరు, ఒంగోలు ప్రూఫ్ రీడర్లం కొందరం